బూటులో ఉడికించిన గుడ్డు

మొగుడి ఎడమ బూటులో ఉడికించిన గుడ్డు కనిపించినప్పుడు బుజ్జి కేక పెట్టలేదు. వెళ్లి వీధి తలుపు గడియ వేసి వచ్చి, కుడి బూటులో చెయ్యి పెట్టింది. అందులో వెన్న రాసిన రొట్టె ముక్కలున్నాయి. కాగితంలో పొందికగా చుట్టి, పైన దారం కూడా కట్టి ఉంది. ఆ దారం ఆవిడ కుట్టుమిషను మీదిదే.

ఆ గురువారం పొద్దున ఆవిడ అనుకున్న పనుల్లో బూట్ల ప్రసక్తి లేదు. చర్చిలో పాటలు పాడేవాళ్లకి కొత్త గౌన్లు కుడుతోంది. కాలర్లు అయిపోయాయి, చేతులు మిగిలాయి. ఆయన స్నానానికి వెళ్లగానే మిషను ముందు కూర్చుంటే మధ్యాహ్నానికి ఒక వరస పూర్తవుతుందనుకుంది. దారపుండ చేతిలోంచి జారి, గది దాటి, చెప్పుల అర కిందికి దొర్లుకుంటూ పోయింది. దానికోసం వంగితే గుడ్డు వాసన వచ్చింది.

బుజ్జి అన్నది ముద్దుపేరు. జుట్టు నెరుస్తున్నా, సూది గుచ్చడానికి కళ్లజోడు పెట్టుకుంటున్నా, ఇంట్లోనూ చర్చిలోనూ ఆవిడ బుజ్జే. మొగుణ్ణి అందరూ గడియారాలాయన అంటారు. కన్నుకి భూతద్దం బిగించుకుని చిన్న చిన్న పళ్ల చక్రాలు సరిచేసే మనిషి. నెమ్మది. ఆయన జీవితంలో రహస్యం ఉండటానికి తగినంత వేగం లేదని ఆవిడ ఇన్నాళ్లూ నమ్మింది.

ఆయన స్నానం చేసి బయటికొచ్చాడు. మొహం మెరిసేలా కడుక్కున్నాడు. తలకి నూనె పట్టించాడు. నూనె ఎంత పట్టించాడంటే చెవి వెనకనుంచి ఒక చుక్క బయల్దేరి కాలర్ వైపు నిదానంగా నడుస్తోంది.

"ఏవండీ, టిఫిన్ ఎలా ఉంది?" అంది బుజ్జి మామూలు గొంతుతో.

"చాలా బాగుంది."

"ఉప్పు?"

"సరిగ్గా సరిపోయింది బుజ్జీ."

ఆ గుడ్డు మీద ఆవిడ ఉప్పు చల్లనే లేదు.

ఆయన నవ్వాడు. దేనికో తెలియదు. బూట్లు చంకలో పెట్టుకుని, చెప్పులేసుకుని, "ఇవి కుట్టించుకొస్తా" అని చెప్పి వెళ్లిపోయాడు. బుజ్జి తలుపు దగ్గరే నిలబడిపోయింది. తలకి నూనె, మెరిసే మొహం, ఊరికే వచ్చే నవ్వు, మాయమైపోయే తిండి. వీటన్నిటినీ ఆవిడ ఏదోలా సర్దుకోగలదు. కానీ పెళ్లయిన నాటినుంచి ఉప్పు ఎక్కువనో, కారం తక్కువనో, అడుగంటిందనో అనకుండా ఒక్క పూట భోంచేయని మనిషి, సోమవారం నుంచి ఒక్క వంకా పెట్టలేదు.

గత ఆదివారం పన్ను నొప్పితో బుజ్జి చర్చికి వెళ్లలేదు. అక్కడ ఏం జరిగిందో ఆవిడకి తెలియదు. తిరిగొచ్చాక మొగుణ్ణి అడిగితే "ప్రసంగం బాగుంది" అన్నాడు తప్ప ఇంకో మాట లేదు. ఆ పన్ను ఒక్కరోజు ఓర్చుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

ఆగలేదు. ఆవిడ అన్నయ్యకి ఫోన్ చేసింది.

అన్నయ్య రిటైరైన జైలరు. ఉద్యోగం వదిలేసినా చూపు వదల్లేదు. ఇంట్లో ఉప్పు డబ్బా జరిగినా ఎవరు జరిపారో తేల్చేదాకా నిద్రపోడు.

"అన్నయ్యా, ఆయన వంటకి వంక పెట్టడం మానేశారు."

"ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి."

"తలకి నూనె గానీ రాస్తున్నాడా?"

"రాస్తున్నారు. నీకెలా తెలుసు?"

"మగాడు ఉన్నట్టుండి తలకి నూనె రాసి, మొహం రుద్దుకుని, నవ్వుతూ తిరుగుతున్నాడంటే రెండే కారణాలమ్మా. రెండోది బావగారికి వర్తించదు."

"రెండోది ఏంటి?"

"అది చెప్పకూడదు. నువ్వు మొదటిదాని మీదే దృష్టి పెట్టు."

బుజ్జికి మొదటిది ఏమిటో అడగాల్సిన అవసరం రాలేదు.

"తిండి ఎటు పోతోందో కనిపెట్టు," అన్నాడు అన్నయ్య. "తిండి పోయిన దారిలోనే మనిషి ఉంటుంది. కనిపెట్టాక నాకు చెప్పు. తర్వాత సంగతి నేను చూసుకుంటా. ఏడవకు. ఏడిస్తే మొహం ఉబ్బి ఆయనకి అనుమానం వస్తుంది."

శుక్రవారం పొద్దున గడియారాలాయన భోజనం పొట్లం సంచిలో పెట్టుకుని, మామూలు కంటే ముందే బయల్దేరాడు. కొంచెం దూరంలో బుజ్జి బయల్దేరింది. గుర్తుపట్టకుండా ఉండాలని గొడుగు తెరిచింది. ఆకాశంలో మబ్బు అన్నది లేదు, ఎండ ఇంకా రాలేదు. వీధిలో గొడుగు పట్టుకున్నది ఆవిడ ఒక్కతే కాబట్టి ప్రతివాళ్లూ తిరిగి చూశారు. ఆయన తప్ప. ఆయన తనకే వినిపించే ఏదో కీర్తన పాడుకుంటూ, ఖాళీ కడుపు మీద చెయ్యి వేసుకుని, నవ్వుకుంటూ నడుస్తున్నాడు.

తన కొట్టు వైపు తిరగాల్సిన చోట ఆయన తిరగలేదు. చర్చి దాటి, దాని వెనక సందులోకి మళ్లాడు. బుజ్జి మలుపు దగ్గర గోడకి అతుక్కుని గొడుగు అంచు మీదుగా చూసింది.

ఆ సందులో చర్చి వెనక గోడా, పాటల టీచరు ఇంటి గోడా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కిటికీలు పక్కపక్కనే. దూరంనుంచి చూస్తే ఏది ఎవరిదో తేల్చడం కష్టం. చర్చివైపు కిటికీ ఎప్పుడో మూసేశారని బుజ్జికి గుర్తు. ఇప్పుడు తెరిచి ఉన్నది ఏదైతే అది పాటల టీచరుదే కావాలి. పాటల టీచరు ఒంటరి మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆవిడ సరళీ వరసలు పాడుతోంటే సందంతా మోగుతోంది.

గడియారాలాయన అటూ ఇటూ చూశాడు. పొట్లం తీసి కిటికీ అరుగు మీద పెట్టాడు. పెట్టి, నిప్పు తాకినట్టు చెయ్యి లాక్కుని, వెనక్కి తిరిగి చూడకుండా సందు అవతలి చివరినుంచి దాదాపు పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం బుజ్జి పెళ్లయ్యాక ఎన్నడూ చూడలేదు.

అప్పుడు కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చింది. బొద్దుగా, తెల్లగా ఉంది. గాజుల్లేవు. పొట్లాన్ని ఒకసారి తడిమి, బరువు చూసి, లోపలికి లాక్కుంది. పాట ఆగలేదు. పైగా ఒక స్థాయి పెరిగింది.

బుజ్జి గొడుగు ముడిచి వెనక్కి తిరిగేసరికి ఎదురుగా వదిన నిలబడి ఉంది. అన్నయ్య భార్య. పెద్ద హ్యాండ్‌బ్యాగుని రెండు చేతులతో గుండెకి హత్తుకుంది. తల నూనెతో నిగనిగలాడుతోంది. చేపని చూసిన పిల్లిని చూసిన చేపలా ఉంది మొహం.

"వదినా, నువ్వేంటి ఇక్కడ?"

"నేనా? నీకోసమే. నువ్వొక్కదానివే నిఘాకి వెళ్తున్నావని మీ అన్నయ్య చెప్పారు. తోడొచ్చాను."

"బ్యాగులోంచి కూర వాసనొస్తోంది."

"సందులోదమ్మా. సందంతా కూర వాసనే. ఆ టీచరు ఏం వండుకుంటుందో ఏమో," అంది వదిన. అని, నవ్వింది. ఆ నవ్వు కూడా దేనికో తెలియలేదు.

మధ్యాహ్నానికి అన్నయ్య బుజ్జి ఇంట్లో దిగాడు. జరిగిందంతా విన్నాడు. గదిలో అటూ ఇటూ నడిచాడు. నడకలో రెండుసార్లు గోడ పట్టుకున్నాడు. కళ్లు తిరుగుతున్నాయా అంటే, ఆలోచన ఎక్కువైందన్నాడు.

"రేపు శనివారం. మధ్యాహ్నం భోజనానికి అందరినీ పిలుద్దాం. బావగారు, నేను, మీ వదిన. పాస్టరుగారు తప్పకుండా ఉండాలి. ఆయన ముందు అబద్ధమాడటానికి బావగారికి నోరు రాదు. ఆ పాటల టీచరుని నేను తీసుకొస్తా."

"ఆవిడ్నా? నా ఇంటికా?"

"ఎదురెదురుగా కూర్చోబెడితేనే మొహాలు దొరుకుతాయి. ముందు కడుపునిండా పెట్టాలి. నిండిన కడుపు నిజం దాచలేదు. నా సర్వీసంతా అదే చూశాను. ఆయన ఒప్పుకున్నా, నోరు విప్పకపోయినా, నువ్వు రేపు సాయంత్రం మాతో బయల్దేరుతున్నావు. పెట్టె సర్దుకో."

బుజ్జి ఆ సాయంత్రం పెట్టె సర్దుకుంది. తన చీరలు పెట్టింది. కత్తెర పెట్టింది. మిషను పెట్టెలో పట్టదు కాబట్టి దాని మీద దుప్పటి కప్పింది. చచ్చినవాళ్ల మీద కప్పినట్టు అనిపించి మళ్లీ తీసేసింది. ఇన్నేళ్లు ఆయన వంక పెట్టిన ప్రతిసారీ, ఈ మనిషి నోరు ఎప్పుడు మూతపడుతుందో అని విసుక్కుంది. ఇప్పుడు ఒక్కసారి "ఏంటే ఈ కూర" అంటే చాలు, పెట్టె విప్పేస్తుంది. రాత్రి కావాలనే చారెడు ఉప్పు గుమ్మరించి కూర వడ్డించింది. గడియారాలాయన కంచం మీద పడి తిన్నాడు. వేళ్లు నాకాడు. మళ్లీ అడిగాడు. బుజ్జి వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

శనివారం మధ్యాహ్నం బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. ఒక చివర పాస్టరుగారు. భార్య పోయాక చర్చి వెనక గదుల్లో ఒంటరిగా ఉంటూ, స్వయంగా వండుకుని, ఆ వంట గురించి దేవుడికి తప్ప ఎవరికీ చెప్పుకోని మనిషి. మొన్నటిదాకా చొక్కా ఆయన మీద వేలాడుతుండేది. ఇవాళ బొత్తాలు బిగిసి కూర్చున్నాయి. బట్టలు కుట్టే కన్ను కాబట్టి బుజ్జికి అది తట్టింది, కానీ మనసు ఆ పక్కకి పోలేదు. ఆవిడ చూపంతా పాటల టీచరు మీదే ఉంది. టీచరు ఆ చర్చి మనిషి కాదు. జైలరు పిలవగానే "పాస్టరుగారు వస్తున్నారా? మంచిదే, ఆయనతో నాకు పనుంది" అంటూ వచ్చేసింది. కంగారూ లేదు, సిగ్గూ లేదు. ఎంత గుండె ధైర్యం అనుకుంది బుజ్జి.

ప్రార్థన అయింది. కోడికూర, బంగాళాదుంపల వేపుడు, రొట్టెలు, అన్నం అన్నీ బల్ల మీదికి వచ్చాయి.

"కానివ్వండి బావగారూ," అన్నాడు జైలరు. "బాగా తినాలి."

"మీరు కానివ్వండి బావగారూ," అన్నాడు గడియారాలాయన.

"ఇద్దరూ కానివ్వండి మరి," అంది వదిన.

అందరి చేతులూ కదిలాయి. కబుర్లు మొదలయ్యాయి. కూర గురించి అందరూ గొప్పగా మాట్లాడారు. వడ్డిస్తూ తిరుగుతున్న బుజ్జికి కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. కంచాల్లోంచి తిండి పోతోంది. దవడలు మాత్రం కదలడం లేదు. అన్నయ్య గట్టిగా నవ్వినప్పుడల్లా ఒక ముక్క చేతిరుమాల్లోకి వెళ్తోంది. వదిన మాటిమాటికీ వంగి ఒళ్లో ఉన్న బ్యాగులో ఏదో వెతుక్కుంటోంది. బయటికి ఏమీ తీయడం లేదు. గడియారాలాయన మోకాళ్ల మీద గడియారం పనిముట్ల డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. దాని మూత క్లిక్కుమని తెరుచుకుంటోంది, క్లిక్కుమని మూసుకుంటోంది. పాటల టీచరు పొదుపుగా, మర్యాదగా తింటోంది. బల్ల మొత్తం మీద ఆనందంగా, మనస్ఫూర్తిగా తింటున్నది పాస్టరుగారొక్కరే.

ఒక కోడికాలు జైలరు రుమాలు దాటి నేల మీద పడింది. ఆయన దాన్ని కాలితో కుర్చీ కిందికి తోసి, గొంతు సవరించుకున్నాడు.

"బావగారూ. అందరం ఉన్నాం. పాస్టరు అయ్యగారూ ఉన్నారు. అడుగుతున్నా. రోజూ పొద్దున నా చెల్లెలు పెట్టిన భోజనం మీరు తింటున్నారా?"

క్లిక్కుమని డబ్బా మూసుకుంది.

"తలకి నూనె ఎవరి కోసం రాస్తున్నారు?"

"అది... చెప్పలేను."

"నిన్న పొద్దున చర్చి వెనక సందులో కిటికీ దగ్గర పొట్లం పెట్టి ఎందుకు పరుగెత్తారు?"

పాస్టరుగారి చేతిలోని ముద్ద నోటికి కొంచెం ఇవతల ఆగిపోయింది.

"అది నాకూ ఆయనకీ మధ్య విషయం," అన్నాడు గడియారాలాయన పైకి చూస్తూ.

"ఆయన ఎవరు? మొగుడు కూడా ఉన్నాడా ఆవిడకి?" అంది వదిన.

"ఎవరికి?" అంది పాటల టీచరు.

బుజ్జి చేతిలోని గరిటె బల్ల మీద పెట్టింది. "ఏవండీ, నా మొహం చూసి చెప్పండి. లోపల నా పెట్టె సర్ది ఉంది. ఒక్క మాట చెబితే విప్పుతాను. చెప్పకపోతే అన్నయ్యతో వెళ్లిపోతాను. ఇంకెవరికి పెడుతున్నారు నా చేతి తిండి?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "బుజ్జీ, నీకు అన్యాయం చేయలేదు. కానీ చెప్తే... చెప్తే అంతా పోతుంది. వారం అంతా వృథా అయిపోతుంది. ఇవాళ సాయంత్రం దాకా ఆగు."

"సాయంత్రానికి మేం వెళ్లిపోతాం," అన్నాడు జైలరు. తర్వాత కుర్చీ తిప్పి పాటల టీచరు వైపు చూశాడు. ఖైదీల చేత నేలచూపులు చూపించిన చూపు అది. "ఏమ్మా. రోజూ మీ కిటికీకి భోజనం వస్తోంది. ఎవరు తెస్తున్నారో ఈ బల్ల దగ్గర చూపించగలవా?"

"నా కిటికీకి కాదు, పక్క కిటికీకి," అంది టీచరు. చేతులు తుడుచుకుంది. "అయ్యగారికి ఆ మాటే చెబుదామని వచ్చాను. నేను తట్టుకోలేకపోతున్నాను. పొద్దున లేచి సాధన మొదలుపెడితే చాలు, మనిషి తర్వాత మనిషి దొంగలా వచ్చి పొట్లం పెట్టి పారిపోవడం. చీమలు నా గోడెక్కాయి. నిన్న నా శిష్యురాలు పాట మధ్యలో ఆపేసి, టీచర్, వాసన చూస్తే ఆకలేస్తోందంది. ఎవరు తెస్తున్నారా? ఈయన తెస్తున్నాడు," అని గడియారాలాయన్ని చూపించింది. వేలు అక్కడ ఆగలేదు. బల్ల చుట్టూ తిరిగింది. "ఈవిడ తెస్తోంది, బ్యాగులో. మీరూ వస్తున్నారు కదండీ జైలరుగారూ. మీరైతే పొట్లం పెట్టి, ఎవరైనా చూశారేమోనని నా పూలకుండీ వెనక దాక్కున్నారు. కుండీ పగిలింది."

జైలరూ వదినా ఒకరివైపొకరు తిరిగారు.

"నువ్వా?" అన్నాడు జైలరు భార్యతో.

"మీరా?" అంది వదిన.

"మీరిద్దరూనా?" అన్నాడు గడియారాలాయన.

"ఎవరైనా నాకు చెప్తారా?" అంది బుజ్జి.

గడియారాలాయన లేచి నిలబడ్డాడు. పనిముట్ల డబ్బా జారి కింద పడి, వేపుడు ముక్కలు నాలుగు వైపులా దొర్లాయి. ఆయన వాటిని చూడలేదు.

"బుజ్జీ, నువ్వు చర్చికి రాని రోజున అయ్యగారు ఉపవాసం గురించి చెప్పారు. ఉపవాసం ఉండేవాడు దాన్ని డప్పు కొట్టుకోకూడదు. తలకి నూనె రాసుకుని, మొహం కడుక్కుని, నవ్వుతూ తిరగాలి. ఇంట్లోవాళ్లకి కూడా తెలియకూడదు, దేవుడికి తప్ప. మానేసిన భోజనం పారేయకుండా ఆకలిగా ఉన్నవాళ్లకి చేరాలి. ఇచ్చిందెవరో వాళ్లకి తెలియకూడదు. ఒకప్పుడు చర్చి వెనక కిటికీ దగ్గర పాత బట్టలు పెట్టేవాళ్లం గుర్తుందా? అవసరమైనవాళ్లు తీసుకెళ్లేవాళ్లు. అక్కడ పెడితే ఎవరో ఒకరు తీసుకుంటారనుకున్నాను."

"ఉపవాసమా? దేనికి?"

"నా నాలుక కోసం," అన్నాడాయన. "పోయిన ఆదివారం పన్ను నొప్పితో వంట చేసి పెట్టావు. కూర మాడిందన్నాను. నువ్వేమీ అనలేదు. దవడ పట్టుకుని లోపలికి వెళ్లావు. పెళ్లయిన దగ్గర్నుంచీ నువ్వు పెట్టిన ప్రతి ముద్దకీ ఒక వంక పెట్టానని అప్పుడు తెలిసింది. దేవుడా, ఈ నాలుకని బాగుచెయ్యి, కుదరకపోతే తీసేయ్ అని అడిగాను. ఇవాళ్టిదాకా వారమంతా పగలు ముద్ద ముట్టకూడదనుకున్నాను. నువ్వడిగినప్పుడు ఉప్పు సరిపోయిందని అబద్ధం చెప్పాను. అదీ ఒప్పుకుంటున్నా."

"మరి రాత్రిళ్లు? నిన్న చారెడు ఉప్పేసి పెట్టాను."

"ఉప్పెక్కువైందా?" అన్నాడాయన నిజమైన ఆశ్చర్యంతో.

బుజ్జి మొహం నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక రెండూ ఒకేసారి చేసింది. లోపలికి వెళ్లింది. పెట్టె మూత తెరిచిన చప్పుడు, చీరలు మంచం మీద పడిన చప్పుడు వినిపించాయి. బయటికొచ్చేటప్పుడు కత్తెర చేతిలోనే ఉండిపోయింది. దాన్ని చూసి జైలరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"నిన్ను కాదులే అన్నయ్యా. రెండో కారణం ఇదేనా?"

"ఇదే," అన్నాడు జైలరు తల దించుకుని. "చర్చిలో ఆ మాట వినిపించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నానమ్మా. బావగారికి అంత భక్తి ఉంటుందని తట్టలేదు. నేను పెట్టింది చర్చి కిటికీలో, ఆయన పెట్టింది టీచరు కిటికీలో అనుకున్నాను. ఆయన నెత్తిన నూనె చూస్తే పాపం కనిపించింది. అద్దంలో నా నెత్తిన నూనె చూస్తే పరిశుద్ధత కనిపించింది."

"మీరు దేనికున్నారు ఉపవాసం?" అంది వదిన.

"నీకు అనుమానం తగ్గాలని. నువ్వు?"

"మీకు కోపం తగ్గాలని."

ఇద్దరూ ఒకరినొకరు కోపంగా, అనుమానంగా చూసుకున్నారు.

"అయితే ఆ కిటికీలో చెయ్యి ఎవరిది?" అంది వదిన హఠాత్తుగా. "బుజ్జి చూసిందిగా. మన పొట్లాలన్నీ ఎవరు తీసుకుంటున్నట్టు?"

"అది నేను చూడలేదు. నా కిటికీలోంచి సందులోకి వచ్చేవాళ్లే కనిపిస్తారు, ఆ అరుగు కనిపించదు," అంది టీచరు.

బుజ్జి సమాధానం చెప్పబోయి ఆగింది. చూపు బల్ల చివరికి పోయింది. కోడికూర గిన్నె పక్కన ఒక చెయ్యి ఉంది. బొద్దుగా, తెల్లగా. ఇందాక ముద్ద పట్టుకుని ఆగిపోయిన చెయ్యి అలాగే ఉంది. బిగిసిన బొత్తాలు, చెయ్యి, చర్చి వెనక గదులు. అన్నీ ఒక్క కుట్టుతో అతుక్కున్నాయి. పాస్టరుగారు తలెత్తారు. ఇద్దరి చూపులూ కలిశాయి.

"నాకు సరిగ్గా కనిపించలేదు వదినా," అంది బుజ్జి. "గొడుగు అడ్డొచ్చింది. ఎవరో ఆకలిగా ఉన్నవాళ్లే అయ్యుంటారు. వదిలేయండి. రొట్టెలు వేడిచేసి తెస్తాను, అందరూ నిజంగా తినండి."

ఆవిడ గిన్నె ఎత్తుకుంది. జైలరు, గడియారాలాయన కంచాలు దగ్గరికి లాక్కున్నారు. ఆ క్షణంలో పాస్టరుగారు నోరు మూసుకుని ఉంటే, ఆ చెయ్యి ఎవరిదో ఈ లోకంలో ఇంకెవరికీ తెలిసేది కాదు. ఆయన ముద్దని కంచంలో పెట్టారు. చెయ్యి తుడుచుకున్నారు. లేచి నిలబడ్డారు.

"కూర్చోమ్మా. నువ్వు చూసింది నా చేతినే. గుర్తుపట్టి కూడా నన్ను కాపాడావు. అందుకే ఇంక కూర్చోలేకపోతున్నాను. ఆ కిటికీ గది ఇప్పుడు నా వంటగది. మీ పొట్లాలన్నీ తిన్నది నేనే.

"ఆ ప్రసంగం చాలా కష్టపడి రాశాను. మెప్పు కోరకుండా బతకడం గురించి. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడ్డాను, ఒక్కరైనా బాగా చెప్పారయ్యగారూ అంటారని. ఒక్కరూ అనలేదు. మొహాలు దాచుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఎందుకో ఇవాళ తెలిసింది. పాటిద్దామనుకున్నవాళ్లు కాబట్టి నోరు మెదపలేదు. ఆ రోజు మాత్రం ఎవరూ వినలేదనుకున్నాను. మెప్పు కోరవద్దని చెప్పిన ప్రసంగానికి మెప్పు రాలేదని అలిగాను.

"సోమవారం నేను కూడా ఉపవాసం మొదలుపెట్టాను. వినని జనం కోసం నేనెందుకు మాడాలి అని వంటగదిలో కూర్చుని ఉడుక్కుంటోంటే కిటికీలో పొట్లం కనిపించింది. వేడిగా ఉంది. బైబిల్లో ఏలీయా ప్రవక్తకి కాకులు రొట్టె తెచ్చినట్టు దేవుడు నన్ను ఓదారుస్తున్నాడనుకున్నాను. మొదటి పొట్లం అప్పుడు ఆ మాట నిజంగా నమ్మాను. రెండో పొట్లానికి సగం నమ్మాను. ఆ తర్వాత నమ్మకంతో పని లేకుండా తిన్నాను. బుధవారం ఒక ముసలాయన కిటికీ దగ్గరికొచ్చి, ఏమన్నా ఉందా బాబూ అని అడిగాడు. నోట్లో ముద్ద ఉంది. లేదన్నాను. దాన్ని మించిన పాపం ఈ బల్ల దగ్గర ఎవరూ చేయలేదు. ఇందాక జైలరుగారు బావగారిని నిలదీస్తున్నప్పుడే నాకంతా అర్థమైంది. అయినా ఆ అమాయకుడు ఏడుస్తోంటే చూస్తూ ఊరుకున్నాను. ముసలాయన్ని ఇవాళే వెతుకుతాను. రేపు చర్చిలో అందరి ముందూ ఇదంతా చెబుతాను.

"ఇంకొక్కటి మిగిలింది. రేపటి కోసం తిండిపోతుతనం మీద ప్రసంగం రాసి పెట్టుకున్నాను. రాస్తున్నంతసేపూ మనసులో మెదిలింది జైలరుగారు."